పెడల్ బాగానే ఉంది, పాదమే పోయింది

ఇది చావు గడప దాకా వెళ్ళి, దానితో కలబడి, గెలిచి తిరిగొచ్చిన ఒక డ్రమ్మర్ వీరగాథ అని మొదలుపెడదామనుకున్నాను. రాస్తుంటే మా అవ్వ పక్కనే కూర్చుంది కాబట్టి నిజమే చెప్పాలి. కలబడింది డాక్టర్లు, నర్సులు. నేను పడుకున్నాను. నా కుడిపాదం నాకంటే ముందే పడుకుంది.

మాది మంచిర్యాల. తొంభైల నడుమ, ఇరవై రెండేళ్ళ వయసులో, ఒక పెళ్ళి బ్యాండులో జాజ్ డ్రమ్స్ వాయించేవాణ్ణి. ఆ రోజుల్లోనే మా బావ దుబాయి నుంచి ఒక టెక్నో క్యాసెట్ తెచ్చాడు. అందులో పాట లేదు, మాట లేదు. మిషన్ కొట్టే ధమ్, ధమ్, ధమ్, ధమ్. బేస్ డ్రమ్ ప్రతి దెబ్బా సమానం. రెండు దెబ్బల సందులో హైహ్యాట్ తాళాల జత చిక్కుమంటుంది. అంతే. వినడానికి పిల్లలాటలా ఉంది. వాయించబోతే తెలిసింది, మనిషికి ఊరికే ఉండటం రాదని. ఎనిమిది దెబ్బలకోసారి రెండు చేతులతో గబగబా ఒక రోల్ వేయకపోతే నాకు అన్నం అరగదు. మిషన్ అన్నం తినదు కాబట్టి దానికా బాధ లేదు.

మా బ్యాండు మాస్టర్ ఓదేలన్న క్లారినెట్ దించి విన్నాడు.

“ఏందిర గది, వడ్ల మిషన్ లెక్క?”

కానీ నాలుగు నెలల తర్వాత చెన్నూరులో ఒక పెళ్ళి ఉంది. మస్కట్ నుంచి వచ్చే పెళ్ళికొడుకు బరాత్ ఊరేగింపుకు ఆ బీటే కావాలన్నాడట. “నువ్వు కొడితే కొట్టు. లేకుంటే కీబోర్డు కొంట. దాంట్ల డ్రమ్ములకు బటనే ఉంటదట” అన్నాడు ఓదేలన్న. బటన్ వస్తే నా కుర్చీ పోయినట్టే. రోజూ సాధన మొదలుపెట్టాను.

తేడా తెలిసింది లక్సెట్టిపేటలో ఒక బరాత్ రోజు. కుడిపాదంతో పెడల్ తొక్కి కొట్టే బేస్ డ్రమ్ దెబ్బలు మధ్యమధ్యలో మాయమవుతున్నాయి.

“తాగినవార శీనూ?” అన్నాడు ఓదేలన్న.

“లే అన్నా, పెడల్ లూజయింది.”

స్ప్రింగు మార్చాం. మర్నాడూ అంతే. మళ్ళీ మార్చాం, గ్రీజు పెట్టాం. మూడో స్ప్రింగు వేయించుకొని వస్తుంటే వెనకనుంచి ఎవరిదో కేక. “అరే, చెప్పు గీడనే ఇడిసినవ్!” చెప్పు జారిన సంగతే నాకు తెలియలేదు. చూస్తే పాదం నేలను రాసుకుంటూ వస్తోంది. మర్నాటికి మోకాళ్ళు కూడా దానికి తోడయ్యాయి.

కరీంనగర్ ఆసుపత్రిలో డాక్టర్ నా మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టాడు. కాలు పలకలేదు. అంత చక్కటి దెబ్బకు పలకని వాద్యాన్ని నేనెప్పుడూ చూడలేదు. కాళ్ళకు వైర్లు అతికించి నెర్వ్ కండక్షన్ టెస్ట్ చేశారు. లంబార్ పంక్చర్ అని వెన్నులోంచి నీరు తీసి చూస్తే ప్రోటీన్ ఎక్కువ వచ్చింది.

“ఈమధ్య మోషన్స్ ఏమైనా అయినయా?”

పది రోజుల కిందట అయ్యాయి.

“జీబీఎస్. గులియన్ బారే సిండ్రోమ్. నిన్ను కాపాడాల్సిన ఇమ్యూనిటీయే పొరపాటున నరాల మీద పడ్డది. చాలామందికి నయమైతది. కానీ ఇది పైకి పాకుతది. బ్రీతింగ్ చూసుకోవాలె. గాలి పీల్చి, ఒక్క ఊపిరిల ఎంతవరకు లెక్కపెడ్తవో పెట్టు.”

“వన్ టూ త్రీ ఫోర్, వన్ టూ త్రీ ఫోర్...”

డాక్టర్ ముఖం మారింది. “సిస్టర్, నాలుగుకే ఆగిపోతుండు! ఐసీయూల బెడ్ చూడు!”

“ఆగలే సారూ” అంది మా అవ్వ. “వానికి నాలుగు దాటి రాదు.”

సరిగ్గా లెక్కపెడితే ఆ రోజు ఇరవై ఎనిమిది. మర్నాడు పందొమ్మిది. మూడో రోజు పదకొండు. ఈసారి నిజంగానే ఐసీయూకు మార్చారు. మంచం పక్కన వెంటిలేటర్ సిద్ధంగా పెట్టారు. ఇక్కడ ఒక జోకు వేయాలని అప్పుడే అనుకున్నాను. గాలి చాలలేదు. నరాల మీది దాడిని ఆపే ఇమ్యునోగ్లోబులిన్ మందు ఐదు రోజులు ఎక్కించారు. ఐదో రోజు లెక్క పద్నాలుగుకు చేరింది. అవ్వ బయటికి వెళ్ళి ఏడ్చి, లోపలికొచ్చి “పదిహేను అంటే నీ సొమ్మేం పోయేదిర?” అంది.

ఇంటికి పంపేముందు ఫిజియోథెరపీ మేడంను అడిగాను, డ్రమ్స్ వాయించగలనా అని. “ముందు బాత్రూమ్ దాకా నడువు” అంది.

ఆమె చెప్పిన కసరత్తు సులువే: వేళ్ళు పైకి, కిందికి. నేను దానికి టెక్నో క్యాసెట్ జత చేశాను. మా టేప్ రికార్డర్‌లో సెల్లులు అయిపోవచ్చాయి. బీటు ముక్కుతూ మూలుగుతూ నడిచేది. సరిగ్గా నా బొటనవేలి వేగం. వేలు కదిలింది, తర్వాత మడమ. మూడు వారాలు హాయిగా సాగింది. ఒకరోజు ఉదయం ఒక్క దెబ్బా అందలేదు.

“అవ్వా, మళ్ళ వచ్చింది!”

“ఏమొచ్చిందిర?”

“రోగం! బీటు అందుతలేదు!”

“గా డబ్బ మూలుగుతుందని కొత్త సెల్లులు ఏసిన బిడ్డా.”

పాత సెల్లులు ఎక్కడ అంటే గోడ మీద ఎండలో ఉన్నాయంది. అప్పటినుంచి నా చికిత్స అదే వరుసలో నడిచింది: పాత సెల్లులు, ఎండబెట్టిన సెల్లులు, కొత్త సెల్లులు. మేడం కూడా పరీక్ష చేసేముందు “ఇప్పుడు ఏ సెల్లులు?” అని అడిగేది.

మూడో నెలలో పెడల్ మీద పాదం పెట్టాను. బలం సరిగ్గా ధమ్, ధమ్, ధమ్, ధమ్ వరకే ఉంది. రోల్ వేసే ఓపిక చేతులకు లేదు. అందుకే దెబ్బలన్నీ సమానంగా పడ్డాయి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు రాని విద్య నీరసం వల్ల వచ్చింది. గొప్ప సాధన అని పొగిడితే కాదనను.

చెన్నూరులో బరాత్ బయలుదేరింది. ఓదేలన్న క్లారినెట్ పక్కన పెట్టి నా పాదాన్నే చూస్తున్నాడు. ఇరవై నిమిషాలు ఆపకుండా వాయించాను. ఒక్క దెబ్బ తప్పలేదు. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు, అందరూ ఎగురుతున్నారు. పెళ్ళికొడుకు మేనమామ చెమటతో మా డ్రమ్స్ పెట్టిన బండి దగ్గరికొచ్చి అంతా వెతికాడు.

“టేపు ఏడ వెట్టిండ్రయా? జర సౌండు పెంచుండ్రి!”

ఓదేలన్న నా కుడికాలు చూపించాడు. “గదే టేపు.”

నేను సౌండు పెంచాను. ఓదేలన్న కీబోర్డు మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు నడుస్తున్నాను, వాయిస్తున్నాను. చలికాలంలో వేళ్ళు కాస్త తిమ్మిరెక్కుతాయి. ఇది చదివేవారికి ఒకే మాట: బలహీనత పాదాల్లో మొదలై రోజురోజుకూ పైకి పాకుతుంటే మాలిష్‌లతో కాలం గడపకుండా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్ళండి. నెర్వ్ టెస్టుకు వెళ్ళే రోజు మాత్రం కాళ్ళకు నూనె రాసుకోవద్దు. వైర్లు అతుక్కోవు, సబ్బుతో కడుక్కొని రమ్మని వరుసలో చివరికి పంపిస్తారు.