పద్దెనిమిది మైళ్ళ నాడి

నందిగామ నుంచి జగ్గయ్యపేటకు బస్సులో గంట ప్రయాణం. టిక్కెట్టు పన్నెండణాలు. కొత్త పైసలు వచ్చి ఏడాదైనా కాలేదు కాబట్టి కండక్టరూ ప్రయాణికులూ ఇంకా అణాల్లోనే మాట్లాడుకుంటున్నారు. ఆ దారిన నేను పరుగెత్తుకుంటూ వెళ్ళాను. నాలుగుంపావు గంటలు పట్టింది. ఎందుకు వెళ్ళానో ముందే చెప్పాలి, లేకపోతే దారిలో నన్ను చూసినవాళ్ళు అనుకున్నదే మీరూ అనుకుంటారు.

నేను హైస్కూల్లో డ్రిల్లు మేష్టర్ని. కిందటి వేసవిలో టైఫాయిడ్ వచ్చింది. తగ్గిన తర్వాత ఒంట్లోకి సత్తువ రాకముందే పిల్లలతో పందెం కట్టి పరుగెత్తి, గ్రౌండులో కుప్పకూలాను. కళ్ళు తెరిచేసరికి నా భార్య అన్నపూర్ణ తల దగ్గర కూర్చుని ఉంది. ఆ రోజు నుంచి నన్ను గ్రౌండులోకి వెళ్ళనివ్వలేదు. హెడ్మాస్టరుగారు దయతలచి ఆఫీసు గదిలో కుర్చీ వేయించి హాజరు పట్టీలు రాయమన్నారు. ఆ గది కిటికీలోంచి గ్రౌండు కనబడుతుంది. పిల్లలు అడ్డదిడ్డంగా పరుగెత్తుతుంటే చూస్తూ ఎనిమిది నెలలు కూర్చున్నాను. అంత అలసట నాకు పరుగులో ఏనాడూ రాలేదు.

అన్నపూర్ణ పుట్టిల్లు జగ్గయ్యపేట. అక్కడ నాడి చూసే ఆచారిగారు ఆ ఇంటికి రెండు తరాల వైద్యులు. ఆయన దగ్గరకు తీసుకెళ్తే నాకు మందేమీ ఇవ్వలేదు. "నువ్వు పరుగెత్తు. నీ నాడిని మాత్రం పరుగెత్తనివ్వకు" అన్నారు. ఆయన చెప్పిన పద్ధతి ఇది. మైలుకోసారి ఆగి, మణికట్టు మీద వేళ్ళు ఆనించి, గడియారం చూస్తూ అర నిమిషం లెక్కపెట్టుకోవాలి. అరవై అయిదు దాటితే పరుగు మాని నడవాలి. మొదటి నెలంతా నడకే అయింది. ఊరి చివరికి చేరకముందే డెబ్భై దాటేది. నెత్తిన గడ్డిమోపులు పెట్టుకున్న ఆడవాళ్ళు నన్ను దాటిపోయేవారు. మేష్టారు ఎడ్లబండితో పోటీకి దిగారని హోటల్లో నవ్వుకున్నారని కూడా విన్నాను. ఆరు నెలలు గడిచాక, అదే లెక్క దాటకుండా ఎనిమిది మైళ్ళు వెళ్ళి రాగలిగాను.

అప్పుడు ఆచారిగారు ఒప్పందం పెట్టారు. "మాఘమాసంలో ఒక ఆదివారం మీ ఊరి నుంచి మా అరుగు దాకా పరుగెత్తుకురా. రాగానే చెయ్యి నా చేతికివ్వు. అరవై అయిదు దాటకపోతే గ్రౌండుకి వెళ్ళు. దాటిందా, మా అన్నపూర్ణ మాట విని మానెయ్యి." అన్నపూర్ణ సరేనంది. మా అత్తగారికి మాత్రం చెప్పలేదు. చెబితే బయలుదేరనిచ్చే మనిషి కాదు. అన్నపూర్ణను బస్సెక్కి నేరుగా ఆచారిగారింటికి రమ్మన్నాను.

ఆదివారం తెల్లవారుజామున రెండు అరటిపళ్ళు తిని, కాఫీ తాగి, అయిదింటికి బయలుదేరాను. ఇంకా చీకటిగానే ఉంది. మొదటి రెండు మైలురాళ్ళ దగ్గర అగ్గిపుల్ల గీసి గడియారం చూసుకున్నాను. యాభై ఎనిమిది, అరవై. అంబారుపేట దగ్గర బండి తోలుకుపోతున్న రైతు ఒకాయన ఎడ్లను ఆపి, "ఎవరు పోయారండీ మేష్టారూ?" అని మెల్లగా అడిగాడు.

ఈ దారిలో పెద్ద మనిషి పరుగెత్తాడంటే బస్సు తప్పిపోయి ఉండాలి, లేదా ఎవరైనా చనిపోయి ఉండాలి. మూడో కారణం ఎవరికీ తెలియదు. ఎవరూ పోలేదనీ ఆరోగ్యం కోసమనీ నిలబడి చెప్పాను. ఆయన నమ్మినట్టు లేదు.

ఆరూ యాభైకి అన్నపూర్ణ ఎక్కిన బస్సు వెనకనుంచి వచ్చింది. నన్ను చూసి డ్రైవరు బ్రేకు వేశాడు. "ఎక్కండి మేష్టారూ, మీకోసం ఆపమూ? ఆ పరుగెందుకండీ" అన్నాడు కండక్టరు తలుపు తీసి పట్టుకుని. నేను నోరు తెరిచేలోగా లోపలినుంచి అన్నపూర్ణ, "ఆయన ఎక్కరులెండి, పోనివ్వండి" అంది. ముందు సీట్లో ఉన్న ముసలమ్మ వెనక్కి తిరిగి, "మొగుడి మీద అంత కోపం పనికిరాదమ్మా" అని మందలించడం నాకు వినబడింది. బస్సు కదిలింది. అన్నపూర్ణ నవ్వుతోందో ఏడుస్తోందో కొంగు అడ్డుండి కనబడలేదు.

ఎనిమిదో మైలు దాటాక ఎండ పెరిగింది. తొమ్మిదో రాయి దగ్గర కూర్చుని నాడి చూసుకుంటుంటే, పక్క కళ్ళంలో మిరపకాయలు ఆరబోస్తున్న ఆవిడ చెంబుతో మజ్జిగ తెచ్చింది.

"దడగా ఉందా అయ్యా?"

"లేదమ్మా. ఎన్నిసార్లు కొట్టుకుంటోందో లెక్క చూసుకుంటున్నా."

"లెక్కెందుకండీ, కొట్టుకుంటోందిగా" అంది.

నిజమే. మజ్జిగ తాగి లేచాను. అరవై రెండు. నవాబుపేట దాటేసరికి పదకొండు మందికి సంజాయిషీ చెప్పుకున్నాను. ఒకాయన సైకిలు మీద ఎక్కించుకుంటానన్నాడు. ఇంకొకాయన నా మీద కోర్టు వారంటు ఏదైనా ఉందా అని అడిగాడు. కాన్వాసు బూట్లలో పాదాలు ఉడికిపోతున్నాయి, మోకాళ్ళు సలుపుతున్నాయి. వాటినైనా ఓర్చుకోవచ్చుగాని చెప్పిందే చెప్పడం ఓర్చుకోలేకపోయాను. మాటలకు కూడా ఊపిరి ఖర్చవుతుంది కదా అని మనసులో విసుక్కున్నాను.

ఎనిమిదిన్నరకు చిల్లకల్లు. అక్కడ నుంచి ఇక మూడు మైళ్ళు, కాస్త పైన. లెక్క అరవై మూడు. ఒప్పందం గెలిచినట్టేనని ధైర్యం వచ్చింది. ఇంతలో మా అత్తగారింటి పక్కన బట్టల కొట్లో గుమాస్తా సుబ్బారావు సైకిలు మీద ఊరికి తిరిగి వెళ్తూ నన్ను చూసి దిగాడు.

"ఏంటి బాబుగారూ, ఇలా పరుగెత్తుకుంటూ వస్తున్నారు?"

పన్నెండోసారి చెప్పే ఓపిక నాకు లేదు. "ఏం లేదండి. మీరు పదండి, నేనొస్తున్నా" అన్నాను.

సుబ్బారావు నా మొహంలోకి చూశాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. మరేమీ అడక్కుండా సైకిలెక్కి నిలబడి తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు. చెప్పగానే విన్నవాడు ఇతనొక్కడేనని నేను సంతోషించాను.

తొమ్మిదీ పదికి ఊళ్ళోకి వచ్చాను. ఆఖరి రాయి దగ్గర అరవై నాలుగు. ఆచారిగారి ఇల్లు ఇక రెండు ఫర్లాంగులు. వీధి మొగలో మా అత్తగారు ఎదురొచ్చారు. అరవై ఏళ్ళ మనిషి, చెప్పుల్లేకుండా, జుట్టుముడి ఊడిపోయి పరుగెత్తుకొస్తున్నారు. వెనక నలుగురు ఆడవాళ్ళు. "నా పిల్లకేమైంది బాబూ? చెప్పు బాబూ" అంటూ నా చేతులు పట్టుకున్నారు.

అన్నపూర్ణను బస్సెక్కమన్నది నేను. ఆ బస్సు ఎక్కడో బోల్తా పడిందనీ, ఆ కబురు ఈవిడకు ముందే తెలిసిందనీ అనుకున్నాను. దారంతా నేను ఆ రోడ్డు మీదే వచ్చానన్న సంగతి కూడా తోచలేదు. ఆవిడ చేతులు విడిపించుకుని పరుగు తీశాను. నాడీ లేదు, లెక్కా లేదు. పాతికేళ్ళ వయసులో కూడా అలా పరుగెత్తి ఉండను.

ఆచారిగారి అరుగు మీద అన్నపూర్ణ కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నన్ను చూసి లేచి నిలబడింది. నేను స్తంభం పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఆచారిగారు నా చెయ్యి అందుకుని గడియారం తీశారు.

"ఎనభై ఎనిమిది" అన్నారు అర నిమిషం అయ్యాక. "ఓడిపోయావురా అబ్బాయ్."

అరుగు మీద కూలబడ్డాను. అప్పటికి అత్తగారు వచ్చి కూతుర్ని చూసి, పట్టుకుని ఏడ్చి, ఆ తర్వాత నన్ను తిట్టారు. అసలు సంగతి అప్పుడు తేలింది. ఈ ప్రాంతంలో చావు కబురు మోసుకొచ్చేవాడు దారిలో ఎవరికీ చెప్పడు. ఇంటివాళ్ళకే చెబుతాడు. మధ్యలో ఎవరడిగినా "ఏం లేదు, పదండి" అంటాడు. సుబ్బారావు నా ముక్తసరి మాట విని, మా ఇంట్లో ఘోరం జరిగిందనుకుని ముందుగా వెళ్ళి చెప్పాడు. అన్నపూర్ణ ఊళ్ళోనే ఉందని అత్తగారికి తెలియదు. పన్నెండోసారి కూడా చెప్పి ఉంటే పోయేది.

ఈ గొడవంతా అవుతున్నా ఆచారిగారు నా చెయ్యి వదల్లేదు. "యాభై తొమ్మిది" అన్నారు కాసేపటికి. "ఇంత తొందరగా దిగింది. అయినా ఒప్పందం ఒప్పందమే. మాన్పించే హక్కు నీది అన్నపూర్ణా, నువ్వే చెప్పు." అన్నపూర్ణ అమ్మ కాళ్ళకు నీళ్ళు పోయడానికి వెళ్ళింది. అత్తగారింట్లో చిక్కుడుకాయ కూర, పప్పుచారు. నేనేం తిన్నానో నాకు తెలియదు. మళ్ళీ ఆ కిటికీ, ఆ పట్టీలు అనుకుంటూ చెయ్యి కడుక్కున్నాను.

మూడింటి బస్సుకి తిరిగి బయలుదేరాం. ప్రత్తి బస్తాలు ఎక్కించడానికి చిల్లకల్లులో గంటసేపు ఆపారు. పొద్దున్న నాలుగు గంటలు నన్ను తిన్న రోడ్డు కిటికీ పక్కనుంచి ఊరికే వెనక్కి పోతోంది. కాళ్ళు కొయ్యబారాయి.

"నాకేమో అయిందనుకున్నారటగా" అంది అన్నపూర్ణ.

"అవును. బస్సు పడిపోయిందనుకున్నా."

"అమ్మ చెప్పింది. ఎంత పిలిచినా వినబడనంత వేగంగా పోయారట." ఒళ్ళోని టిఫిను క్యారియరు కింద పెట్టింది. "పద్దెనిమిది మైళ్ళొచ్చాక, అంత భయంలో అంత పరుగు పెట్టి పడిపోలేదు. ఆ కోతిమూకతో గ్రౌండులో తిరిగితే పడతారా? రేపట్నుంచి వెళ్ళండి."

నాకు ఏడుపొచ్చింది. దుమ్ము పడిందని కళ్ళు తుడుచుకున్నాను. ఆవిడ నమ్మినట్టు నటించింది.

నందిగామలో దిగేసరికి అయిదు దాటింది. నాకు మోకాళ్ళు వంగడం లేదు. బస్టాండు నుంచి ఇంటికి అరమైలు కూడా ఉండదు. రిక్షా పిలుస్తానంటే వద్దన్నాను. గోడలు పట్టుకుంటూ, అరుగు కనబడిన చోటల్లా కూర్చుంటూ నడిచాను. అన్నపూర్ణ ఖాళీ క్యారియరు పట్టుకుని నాలుగడుగులు ముందు నడుస్తోంది. ఎదురైన ప్రతివాళ్ళూ ఏమైందని అడుగుతుంటే, నా బదులు ఆవిడే నిలబడి, మొదటినుంచీ చివరిదాకా ఓపికగా చెబుతూ వచ్చింది.