నోట్లో ఆపిన నీళ్ళు

మొన్న ఆదివారం పొద్దున్నే మా మనవరాలు నన్ను కుర్చీతో సహా తీసుకుపోయి సాగర్ రోడ్డు పక్కన కూర్చోబెట్టింది. ఇబ్రహీంపట్నంలో బయలుదేరి తుర్కయాంజల్ దాకా పోయి మళ్ళీ ఇక్కడికే వచ్చే పరుగు పందెం అది, అందులో ఆ పిల్ల కూడా ఉరుకుతోంది. ఒకప్పుడు ఇదే దారిలో పందెం గెలిచిన ముసలాయన ఒకడు ఇంకా బతికే ఉన్నాడని పందెం పెట్టినవాళ్ళ చెవిన వేసిందీ ఆమే. వాళ్ళు నాకు శాలువా కప్పి, చేతికి జెండా ఇచ్చి ఊపమన్నారు, ఊపాను. మైకు పట్టుకున్న అబ్బాయి నన్ను ఛాంపియన్ అంటే అందరూ చప్పట్లు కొట్టారు. ఈ వయసులో చప్పట్లు వినపడితే ముడుచుకుపోవడం తప్ప చేయగలిగింది ఏముంది?

అంతవరకు బాగానే ఉంది. కాసేపటికి ఉరుకుతూ వచ్చిన ఒకతను నా ఎదురుగా ఆగి, సీసా ఎత్తి నోటినిండా నీళ్ళు పోసుకుని, గలగలా పుక్కిలించి, రోడ్డు మీద ఉమ్మేసి సాగిపోయాడు. కడుపు బరువెక్కకుండా అట్లా చేస్తారని మనవరాలు తరువాత చెప్పింది. నాకు మాత్రం నోట్లోకి తీసుకున్న నీళ్ళను ఉమ్మెయ్యవచ్చునని ఆ రోజు మాకు తోచలేదే అనిపించింది. తోచి ఉంటే ఒక మనిషికి కాలు మిగిలేది.

నా ఈడు వాళ్ళు ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే వాళ్ళకు గుర్తుండాలి, ఆ రోజుల్లో రోడ్డు మీద ఊరికే ఉరికేవాడంటూ ఎవడూ లేడు. ఉరికాడంటే మంత్రసాని కోసమో, తాడు తెంపుకున్న బర్రె వెనకో, లేకపోతే చావు కబురు మోసుకునో ఉరకాలి. మేమిద్దరం శేరిగూడ మీదుగా పోతుంటే ఇంటి ముందు కూర్చుని పళ్ళు తోముకునే ఒక అవ్వ నోట్లోంచి వేపపుల్ల తీసి, ఎవరు పోయారని రోజూ అడిగేది. ఎవరూ పోలేదు, ఊరికే ఉరుకుతున్నామని నేను రోజూ చెప్పేవాణ్ణి. తిన్నది అరగక చేసే పని అని ఆమె తేల్చేసింది. ఆ మాట నా విషయంలో నిజమే. నా పక్కన ఉరికేవాడి విషయంలో కాదు, వాళ్ళ ఇంట్లో అరగనంత తిండి ఎన్నడూ లేదు.

అతను నాకు బావ. రక్తసంబంధం కాదు, పెద్దచెరువులో చేపలు పట్టే ఇంటివాడు. ఊరి వరుసలు మీకు తెలియనివి కావు, వాళ్ళ నాయనను నేను మామా అని పిలిచేవాణ్ణి, కాబట్టి కొడుకు బావ అయ్యాడు, అతనికి నేనూ బావనే. ఎండ ముదరకముందే చేపలు సరూర్‌నగర్ చేరకపోతే కొనేవాడుండడు కనుక, మీసాలు రాకముందు నుంచే కావడి భుజాన వేసుకుని ఉరుకులాంటి నడకతో పోయేవాడు. అమ్ముకుని వచ్చేటప్పుడు కావడి ఖాళీ. బరువు లేని భుజం ఎంత హాయిగా ఉంటుందో మోసినవాడికే తెలుస్తుందని, ఆ హాయి కోసమే తిరుగుదారంతా ఉరికేవాడు. అప్పటి బస్సులు బొగ్గుతో నడిచేవి, బొంగుళూరు దగ్గర ఎత్తు ఎక్కలేక రొప్పుతూ ఆగిన బస్సును దాటిపోయి, వెనక్కి తిరిగి కండక్టరుకు సలాము కొట్టేవాడు. నేను కళ్ళారా చూశాను, ఆ బస్సులో కూర్చున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అతని వెంట ఉరకాలన్న పిచ్చి నాకు అప్పుడే పట్టింది.

నేను పట్నంలో హాస్టల్లో ఉండి చదువుకునేవాణ్ణి. రజాకార్ల గొడవలు ముదిరి బడి మూతపడితే ఒక ట్రంకుపెట్టె, బడిలో పందేల కోసం కొన్న కాన్వాసు బూట్లు పట్టుకుని ఇంటికి వచ్చాను. ఉరకడం నాకు వచ్చనుకునేవాణ్ణి. అతని పక్కన నాలుగు రోజులు ఉరికాక ఆ భ్రమ పోయింది.

బావ దగ్గర ఒక విద్య ఉండేది, కావడి మోసేవాళ్ళ ఇంటి విద్య. చెరువు కట్ట దిగే ముందు నోటినిండా నీళ్ళు పోసుకోవాలి. మంగల్‌పల్లి వచ్చేదాకా వాటిని మింగకుండా ఉరకాలి, అక్కడ మింగాలి. నోరు కట్టేసినట్టుంటుంది కాబట్టి ముక్కుతోనే ఊపిరి తియ్యాలి, దానితో రొమ్ము కుదురుకుంటుంది, మాటలతో దమ్ము పోదు. ఉమ్మెయ్యడం మాత్రం వాళ్ళింట్లో మహాపాపం. తమకు అన్నం పెట్టే చెరువు నీళ్ళను నోట్లోకి తీసుకుని నేలపాలు చేయకూడదు. నేను శేరిగూడ దాటకముందే గుటుక్కుమనిపించి ఏదో ఒకటి వాగడం మొదలుపెట్టేవాణ్ణి. అతను మంగల్‌పల్లి దాకా ఓపిక పట్టి, అక్కడ మింగి, అప్పుడు నన్ను ఏడిపించేవాడు.

"నీ నోట్ల నువ్వుగింజ నానది, నీళ్ళేడ ఆగుతయి బావా?"

మా నాయనకు నేను ఉరకడమే ఇష్టం లేదు, అతని పక్కన ఉరకడం అసలే ఇష్టం లేదు. చేపలు మన ఇంటికి రావచ్చు గానీ, చేపలు తెచ్చేవాడితో భుజం కలిపి రోడ్డెక్కితే నలుగురూ ఏమనుకుంటారని ఆయన బాధ. అందుకని కట్ట దాకా వేరువేరుగా పోయేవాళ్ళం. దారిలో పెద్దమనిషి ఎవరైనా ఎదురైతే బావ రెండడుగులు వెనక్కి తగ్గేవాడు. తగ్గమని నేను ఒక్కసారి కూడా చెప్పలేదు. తగ్గవద్దని కూడా ఒక్కసారి చెప్పలేదు.

పోలీసు యాక్షన్ అయిన తరువాత, రజాకార్ల పీడ పోయిందన్న సంతోషంలో ఊరి పెద్దలు కొందరు పరుగు పందెం పెట్టారు. తుర్కయాంజల్ దాకా పోయి రావాలి, గెలిచినవాడికి వెండి గిన్నె. బావ గెలుస్తాడని కుక్కపిల్లనడిగినా చెప్పేది. అతని తల్లి అప్పుడే ఆ గిన్నెను ఎక్కడ పెట్టాలో గూడు చూసి పెట్టుకుంది. అయితే ఒక భయం పోయినచోట ఇంకో భయం వచ్చి కూర్చుంది. దొరల మీద తిరగబడ్డ కమ్యూనిస్టులు, మా ఊరి మాటలో సంగపోళ్ళు, ఇంకా గుట్టల్లోనే ఉన్నారని వాళ్ళకోసం బయటినుంచి పోలీసులు దిగారు, రోడ్డు మీద లారీలు తిరిగేవి. సంగం చీటీలు మోసేవాళ్ళు దొరికిపోతే ఆ చీటీని మింగేస్తారని పోలీసులకు తెలుసు, ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు. తెలిసిన ఆ సంగతికీ మా నోట్లో నీళ్ళకూ ముడి పెట్టాలని మాలో ఒక్కరికీ తట్టలేదు. పందెం ధ్యాసలో అంత గుడ్డివాళ్ళమైపోయాం.

పందేనికి ఇంకా నెల రోజులు ఉండగా, ఒక పొద్దున రోజూ పోయే దారినే ఉరుకుతున్నాం. మంగల్‌పల్లి ఇంకా కొంచెం దూరంలో ఉందనగా మలుపులో లారీ అడ్డంగా నిలబడి ఉంది. నేను ఎప్పటిలాగే నీళ్ళు ఎప్పుడో మింగేశాను, బావ నోరు నిండుగానే ఉంది. జమేదారు ఆపి, ఎందుకు ఉరుకుతున్నారని అడిగాడు. అడిగింది బావను, నన్ను కాదు, నా కాళ్ళకు బూట్లున్నాయి. జవాబు చెప్పాలంటే నోరు ఖాళీ చెయ్యాలి. ఉమ్మడం ఇంట్లోనే పాపం, ఇక పోలీసు కాళ్ళ ముందు ఉమ్మితే బతకనిస్తారా? బావ గుటుక్కున మింగాడు. ఆ గొంతు కదలడం జమేదారు చూశాడు.

దవడలు పట్టి నోరు తెరిపించారు, వేళ్ళు పెట్టి వెతికారు, ఏమీ దొరకకపోయేసరికి వాళ్ళ అనుమానం ఇంకా గట్టిపడింది. అతన్ని లారీ అవతలికి లాక్కుపోయారు, నన్ను ఇవతలే నిలబెట్టారు. వాడు నీకేమవుతాడని జమేదారు నన్ను అడిగాడు. బడిలో నేర్చుకున్న మంచి ఉర్దూలో, మా జీతగాడు, అన్నాను. తప్పిపోయిన బర్రెను వెతకడానికి పోతున్నామని కూడా కలిపాను. ఊరికే ఉరుకుతున్నామంటే వేపపుల్ల అవ్వే నమ్మలేదు, పోలీసు నమ్ముతాడా, అదే పెద్దింటి జీతగాడంటే వదిలేస్తారు కదా అని అట్లా అన్నాను. ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నది ఇదే.

లారీ అవతల నుంచి బావ గొంతు వినపడింది.

"ఊరికెనే ఉరుకుతున్నం సాబ్. నేను మింగింది నీళ్ళు. గాయన నాకు బావ, మేమిద్దరం జోడు, పందెం ఉన్నది."

జమేదారు మళ్ళీ నా దగ్గరికి వచ్చి, వాడు బావ అంటున్నాడేమిటని అడిగాడు. అప్పుడైనా, అవును సాబ్, నేనే అబద్ధం చెప్పాను, అని ఉంటే నాలుగు దెబ్బలు నాకూ పడేవేమో, మాట మాత్రం కలిసేది. నేను తల దించుకుని నా బూట్లు చూసుకుంటూ నిలబడ్డాను. రెండు మాటలు కలవనప్పుడు బూట్లున్నవాడిది నిజమవుతుంది, వట్టి కాళ్ళవాడిది అబద్ధమవుతుంది. నన్ను పొమ్మన్నారు, అతన్ని లారీ ఎక్కించారు.

ఊరి దాకా ఉరికాను. నా బతుకులో అంత జోరుగా ఎన్నడూ ఉరకలేదు. ఇంటికి పోయి మా నాయన ముందు ఏడ్చాను, మనం పోయి చెబితే వదులుతారన్నాను. ఆయన చెడ్డమనిషి కాదు, భయపడ్డ మనిషి.

"ఇప్పుడు పోయి వాడు మనోడంటే మనం గూడ సంగపోళ్ళమైతం. జర ఆగు బిడ్డా."

నేను ఆగాను. ఆగమన్న ఆ మాట నా చెవికి ఎంత తీయగా వినపడిందో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. మామ మాత్రం వలలు పక్కనపడేసి పోలీసుల క్యాంపు ముందు దుమ్ములో కూర్చున్నాడు, పొద్దున పోయి పొద్దుగూకాక వచ్చేవాడు. చివరికి ఏమీ తేలక బావను వదిలేశారు. బండి మీద తెచ్చారు. మోకాలి కింద ఎముక విరిగింది, నాటువైద్యుడు కట్టు కట్టినా వంకరగానే అతుక్కుంది.

పందెం మాత్రం ఆగలేదు. నేను ఉరకనన్నాను గానీ, ఎవరైనా బతిమాలితే బాగుండునని లోపల ఉందేమోనని నా అనుమానం. బతిమాలింది బావనే. వాళ్ళమ్మ చేత కబురు పంపాడు, ఇద్దరం పడిన కష్టం మట్టిలో పొయ్యద్దని. ఉరికాను. తుర్కయాంజల్ నుంచి తిరిగి వచ్చి శేరిగూడ దాటేసరికి కాళ్ళలో సత్తువ అయిపోయింది. ఎదురుగా కట్ట మొదట్లో, కావడి బద్దను ఊతకర్రగా చంకన పెట్టుకుని బావ నిలబడి ఉన్నాడు, రెండో చేతిలో చెంబు. ఆగకుండానే ఒక్క పుక్కెడు పోసుకున్నాను. నా జన్మలో మొదటిసారి ఆ నీళ్ళు చివరిదాకా నా నోట్లో ఆగాయి.

గెలిచాను. దండ వేశారు, వెండి గిన్నె చేతికిచ్చారు, ఏదైనా మాట్లాడమన్నారు. నోరు నిండా నీళ్ళు, అందరూ నవ్వారు. మింగాక మాట్లాడవచ్చు కదా. ఇది నాది కాదు, అదిగో కట్ట మీద ఉన్నాడు గెలవవలసినవాడు, అని ఒక్క ముక్క చెబితే చాలు. నమస్కారం పెట్టి దిగిపోయాను. ఆ గిన్నెలో మా అమ్మ చాలాకాలం పెరుగు తోడువేసింది. నేను ఆ పెరుగు ముట్టలేదు, నేను చేసుకున్న ప్రాయశ్చిత్తమంతా అంతే.

తరువాత నేను చదువుకున్నాను, ఉద్యోగం చేశాను, ఊళ్ళో ఇల్లు కట్టాను. బావ కట్ట మీద కూర్చుని ఇతరుల వలలు బాగుచేస్తూ బతుకు వెళ్ళదీశాడు. ఎదురైతే ఎప్పుడూ నవ్వేవాడు, నేనే వేరే దారిన పోయేవాణ్ణి. ముసలితనంలో బడంగ్‌పేట్‌లో కూతురు దగ్గర ఉంటున్నాడని తెలిసి ఒకసారి చూడబోయాను. ఆ మాటా ఈ మాటా అయ్యాక, కూతురు లోపలికి పోయినప్పుడు, నెమ్మదిగా అడిగాడు.

"నన్ను జీతగాడంటివట గద బావా. బతికిద్దామని అన్నవా, సిగ్గయి అన్నవా? కోపం లేదు. ఊరికెనే అడుగుతున్న."

చేతిలో మంచినీళ్ళ గ్లాసు ఉంది. దాన్ని ఎత్తి, చాలా నెమ్మదిగా తాగాను. గ్లాసు ఖాళీ అయ్యేలోపల ఆయనే, పోనీలే అన్నట్టు చెయ్యి ఊపి, ఈసారి చెరువు నిండిందా అని అడిగాడు. నిండిందని చెప్పాను. ఆ వానాకాలం దాటకుండానే పోయాడు.

సిగ్గుపడే అన్నాను. తొంభై దాటాక ఇంకెవరికి దాచాలి? వాడు నీకేమవుతాడని జమేదారు అడిగినప్పుడు బావ అన్న మాట నా నోటిదాకా వచ్చింది, అంత పెద్ద అధికారి ముందు ఆ మాట చిన్నతనంగా అనిపించింది, మింగేశాను. ఆ మలుపులో అతను మింగింది నీళ్ళు, నేను మింగింది అతన్ని. కాలు విరిగింది మాత్రం అతనిది.

మొన్న మనవరాలు పందెం ముగించి, చెమటలతో వచ్చి, తన మెడలో పతకం తీసి నా మెడలో వేసింది. కడపట వచ్చినవాళ్ళకు కూడా పతకం ఉంటుందట, మంచిదే. దారిపొడుగునా నీళ్ళ బల్లలు, కాలు బెణికితే ఎక్కించుకునే బండి, లాఠీలు పట్టుకుని కూడా కార్లను ఆపి వీళ్ళకు దారి ఇచ్చే పోలీసులు. అదే రోడ్డు, అదే మలుపు. ఎందుకు ఉరుకుతున్నావని ఇవాళ అక్కడ ఎవరూ ఎవర్నీ అడగరు. ఊరికే ఉరకడం ఇంత సులువైన పనయింది.

"తాతా, అప్పట్ల నీతోని ఇంకెవరన్న ఉరికేటోళ్ళా?" అని అడిగింది ఆ పిల్ల.

మా బావ, అన్నాను. మనకు అట్లాంటి బావ ఎవరున్నారని ఆమె వరుసలన్నీ వెతుక్కుంటూ నా కుర్చీ పట్టుకుంది. మళ్ళీ చెప్పాను, ఈసారి కొంచెం గట్టిగా, రోడ్డు మీది పోలీసుకు కూడా వినపడేట్టు. అతను ఇటు తిరిగి చూసి, ముసలాయన ఏదో అంటున్నాడనుకుని, ఒక నవ్వు నవ్వి అటు తిరిగాడు.