నొప్పి లేని పక్క

మొన్న పన్ను పీకించుకుని ఇంటికొచ్చి చాయ్ నోట్లో పోసుకుంటే, వేడిగా ఉందో చల్లగా ఉందో తెలియలేదు. దవడంతా మొద్దుబారి ఉంది. ఎందుకో డాక్టర్ కరీం సాహెబ్ గుర్తొచ్చారు. నిజాం పాలన రోజుల్లో వనపర్తిలో ఆయన నడిపిన చిన్న దవాఖానలో నేను నర్సును. మహా చాదస్తపు మనిషి. దేనికీ ఓ పట్టాన తృప్తిపడేవారు కాదు, మమ్మల్నీ పడనిచ్చేవారు కాదు.

కడుపు కోసిన రోగులంటే మాకు భయం. ఆపరేషన్ బాగానే జరిగేది. ఆ తర్వాత కుట్లు లాగుతాయని దగ్గేవారు కాదు. కఫం ఊపిరితిత్తుల్లో నిలిచి జ్వరం ముదిరేది. అలా కొందరు మా కళ్ల ముందే పోయారు. అందుకని సాహెబ్ పక్కటెముకల కింద, నరాల దగ్గర మొద్దుబార్చే మందు ఎక్కించడం మొదలుపెట్టారు. పాత మందు ప్రొకెయిన్ తొందరగా దిగిపోయేది. కొత్తగా తెప్పించిన సింకోకెయిన్ చాలాసేపు ఉంటుందట, కానీ మోతాదు మించితే ప్రాణానికే ముప్పు. ఏది మంచిదో తేల్చుకోలేక ఆయన తల పట్టుకునేవారు.

పెబ్బేరు నుంచి ఆశమ్మను తెచ్చారు, పేగు మెలిపడి. ఆపరేషన్ అయ్యాక సాహెబ్ ఆమెతో, "కుడిపక్క ఒక మందు, ఎడమపక్క ఒక మందు ఇస్త. ఏ దిక్కు మంచిగుందో నువ్వే చెప్పాలె" అన్నారు.

"కోసింది మీరు, చెప్పుడు నేనా సాబూ?" అంది ఆశమ్మ. నాకు నవ్వాగలేదు.

మధ్యాహ్నానికి పాత మందిచ్చిన కుడిపక్క నొప్పి మొదలైంది. ఎడమపక్క హాయిగానే ఉంది. కొత్త మందే గెలిచిందని నేను సంబరపడ్డాను. ఈలోగా ఆశమ్మ తల్లి నర్సమ్మ ఉప్పు వేయించి, గుడ్డలో మూటగట్టి బిడ్డకు కాపడం పెట్టింది. కుడివైపు పెడితే "అబ్బా" అని తోసేసిందట. ఎడమవైపు పెడితే ఊరుకుంది. ఇంకేం, తల్లి అక్కడే అదిమి కూర్చుంది.

సాయంత్రానికి ఎడమ డొక్క మీద బొబ్బలు లేచాయి. నర్సమ్మ గుండెలు బాదుకుంది. "బిడ్డ ఊ అనలే సాబూ! సుఖంగుందనుకున్న. ఇగ సూది వద్దు, ఏ మందూ వద్దు!"

సాహెబ్ స్టూలు మీద కూలబడ్డారు. "సుగుణమ్మా, గీ మందు మంచి చేసినట్టా, చెడు చేసినట్టా?"

"నాకు తెల్వదు సాబ్" అన్నాను.

"నాకూ తెల్వదు" అన్నారు. ఆయన నోట ఆ మాట విని బెంగపడ్డాను. సూది లేకపోతే ఆశమ్మ దగ్గదు. అప్పటికే ఒళ్లు వెచ్చబడుతోంది. ఇద్దామంటే తల్లి మంచానికి అడ్డంగా నిలబడింది.

ఆయన ఆమెను కసరలేదు. తన ముంజేతి చర్మం కింద ఆ కొత్త మందే కొంచెం ఎక్కించుకుని, కాసేపాగి చెయ్యి చాపారు. "అవ్వా, నీ ఉప్పు మూట పెట్టు. నేను కళ్లు మూసుకుంట. కాలుతుంటే నాకు తెల్వదు, నువ్వే చూడాలె."

నర్సమ్మ బెరుకుగా మూట ఆనించింది. ఆయన కదల్లేదు. చర్మం ఎర్రబడుతుంటే ఆమే గబుక్కున మూట తీసేసి, ఆ చోటును కొంగుతో తుడిచింది. "కాలుతది కొడుకా! చెప్పవేంది?" అంది. కాసేపు బిడ్డ వంకా ఆయన వంకా చూసి, మంచం దగ్గర్నుంచి తప్పుకుంది. "సరే, సూది పొడువు. ఇగ మూట పెట్టను."

సూది పడ్డాక ఆశమ్మ గట్టిగా దగ్గింది. బతికింది.

ఆ రెండు మందుల్లో ఏది మేలో సాహెబ్ తేల్చలేదు, నేనూ తేల్చలేదు. కాలిన పక్కే సుఖంగా ఉండిందని ఆశమ్మ వెళ్తూ చెప్పిన మాటను ఏమనుకోవాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ తర్వాత నౌకరీ చేసినన్నాళ్లూ, మొద్దుబార్చే మందు ఇచ్చిన ప్రతిసారీ మంచం పక్కనున్న మనిషి చెయ్యి పట్టుకుని రోగి ఒంటి మీద పెట్టించాను. "కాలినా వాళ్లకు తెల్వదు, మీకు తెలుస్తది" అని చెప్పి.