ముందు తిరిగి చెప్పండమ్మా

కబురు ప్లీడరు బాబు గుమాస్తా తెచ్చాడు. పొద్దున్నే మా కాలనీ దగ్గర బస్సు దిగి, గొడుగు మర్చిపోయి తడుచుకుంటూ వచ్చాడు. నేను అరుగు మీద తోటకూర కట్టలు కడుతున్నాను. "అప్పా, ప్లీడరు బాబు పోనారు" అన్నాడు. మా వైపు అప్పంటే అక్క. మళ్ళీ చెప్పమన్నాను, చెప్పాడు. అప్పుడు నేను తిరిగి చెప్పాను: "ప్లీడరు బాబు పోనారు. తెల్లారగట్ల. సీతమ్మధార ఇంట్లోనే. బాధ పడనేదు." అంతా సరిగ్గా చెప్పానని గుమాస్తా తల ఊపాకే నాకు ఏడుపొచ్చింది. విన్నది తిరిగి చెబితే గాని ఒప్పుకున్నట్టు కాదని నాకు నేర్పింది ఆయనే.

కోర్టు బాబులంతా కలిసి ఆయన పేరు మీద చిన్న పుస్తకం వేస్తున్నారట. అందులో పెద్దపెద్దవాళ్ళు రాస్తున్నారు. నువ్వూ చెప్పు అప్పా అన్నాడు గుమాస్తా. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతున్నాను, అతను రాస్తున్నాడు. నేను 'నాను' అంటే అతను 'నేను' అని రాస్తున్నాడు. పుస్తకం కదా, రాసుకోనీ. కానీ ప్రతి పేజీ చివరా నాకు చదివి వినిపించాలి, అది నా షరతు. ఇప్పటికి రెండుసార్లు కొట్టేయించాను. ఆయన్ని 'మహోన్నతుడు' అని నా పేరు మీద రాసేశాడు. నేనా మాట అనలేదు.

మాది యారాడ కొండ కనబడే ఊరు. ఫ్యాక్టరీకి పోయిన ఊళ్ళలో అదొకటి, బదులుగా మాకిచ్చిందే ఈ కాలనీ. మా అయ్య నా పేర రాసిన తోట ఉండేది. పెళ్ళయ్యాక నేనూ మా ఇంటాయనా రెండు ఎండాకాలాలు తవ్వి అందులో నుయ్యి వేశాం. వంగ, మిరప, గట్టు చుట్టూ కొబ్బరి. ఆయన పోయాక కూడా ఆ నూతి నీళ్ళతోనే బతికాను. ఫ్యాక్టరీ వస్తుందంటే నేను కాదనలేదు. మా ఊరివాళ్ళకి పనులొస్తాయన్నారు, మంచిదే అనుకున్నాను. కానీ వాళ్ళ కాగితంలో నా తోటని ఉత్త మెట్ట అని రాశారు. నుయ్యి లేదు, చెట్లు లేవు, డబ్బూ ఆ లెక్కనే కట్టారు. ఆ సంగతి నాకు తెలిసింది దాని మీద వేలిముద్ర వేసిన రెండేళ్ళకి.

వేలు వేసిన రోజు మాత్రం నాకు పండగే. ఊళ్ళో షామియానా వేసి రెండు బల్లలు పెట్టారు, సంతకాల వాళ్ళకొకటి, వేలిముద్రల వాళ్ళకొకటి. ఆఫీసర్ల ముందు మట్టి చేత్తో ముద్ర వెయ్యడం మా ఊళ్ళో అమర్యాద. బూడిదతో బొటనవేలు తోముకుని మరీ వెళ్ళాను. బల్ల దగ్గరాయన ఏదో గడగడా చదివాడు. నేను గీత గీతా తెలిసేటట్టు వేశాను. ముద్రంటే ఇలా ఉండాలి అని ఆయన మిగతా ఆడవాళ్ళకి చూపించాడు. ఆ రోజంతా ఊళ్ళో తలెత్తుకుని తిరిగాను.

మా గట్టు పక్క పొలం ఒక మాస్టారిది. ఆయన అవతలి బల్ల దగ్గర సంతకం పెట్టి, దాని కింద 'అభ్యంతరంతో పుచ్చుకున్నాను' అని ఒక ముక్క రాశాడు. ఆ ముక్క పట్టుకుని కోర్టుకెళ్ళాడు. తన పొలంలో నుయ్యి ఉన్నా కాగితంలో రాయలేదని అక్కడ చెప్పుకుంటున్నాడని విన్నాను. నాదీ అదే కదా, నేనూ చెబుతాను అని బయల్దేరాను. అలా ఎక్కాను కోర్టు వెనక సందులో ప్లీడరు బాబు మేడ మెట్లు.

ఆయనది గోదావరి వైపు. నన్ను చూడగానే "ఆయ్, కూర్చోండమ్మా" అన్నారు. ఎవరినంటున్నారా అని వెనక్కి తిరిగి చూశాను. అప్పటికి నాకు యాభై దాటాయి, ఒక్క మనిషి నన్ను 'అండి' అన్న పాపాన పోలేదు. ఆఫీసు నుంచి నా కాగితం నకలు తెప్పించి, ముద్ర మీద వేలు పెట్టి, ఇది మీదేనా అని అడిగారు.

"నాదే బాబూ. మా ఊళ్ళో అంత సుబ్బరమైన ముద్ర ఇంకోటి నేదు."

ఆయన కళ్ళద్దాలు తీసి మరీ నవ్వారు. "అదేనండీ వచ్చిన చిక్కు. అలుక్కుపోయి ఉంటే మీది కాదని వాదిద్దును."

తరవాత నవ్వు ఆపి విషయం చెప్పారు. అభ్యంతరం లేదని పుచ్చుకున్నవాళ్ళకి కోర్టు తలుపు మూసే ఉంటుంది, చట్టం అలా ఉంది అన్నారు. నాకు ఒళ్ళు మండింది. "ఎవులు రాసినారు బాబూ ఆ సట్టం?" అని అడిగాను. తెల్లదొరలు రాశారు, మనవాళ్ళు ఉంచారు అన్నారు.

"మరి మనోల్నే మార్సమను."

"అడుగుదాం అండి. అడక్కపోతే మనదే తప్పు" అన్నారు.

నన్ను వెళ్ళిపొమ్మనలేదు, అది గుర్తుపెట్టుకోండి. కేసు లేని మనిషిని, ఫీజు రాని మనిషిని, ఏళ్ళ తరబడి కూర్చోబెట్టారు. చట్టంలో దారి ఎక్కడ తెగిందో ముందు తెలిసేది కోర్టుల్లో తిరిగేవాళ్ళకి, బాగుచేసే పార ఉన్నది ఢిల్లీలో కూర్చున్నవాళ్ళ దగ్గర, వీళ్ళిద్దరి మధ్యా ఉత్తరాలు నడుస్తూ ఉండాలి అనేవారు. ఆ ఉత్తరాలు ఆయనే రాసేవారు. ఇంగ్లీషులో రాసినది ముందు తెలుగులో నాకు చెప్పేవారు. నేను తిరిగి చెప్పాలి. ఎక్కడ తడబడితే అక్కడ కొట్టేసి మళ్ళీ రాసేవారు. "మీకు ఎక్కని ముక్క పార్లమెంటు మెంబరుకి మాత్రం ఎందుకు ఎక్కుతుందండీ" అనేవారు. నాకు చదువు లేకపోవడం ఒక పనికొచ్చే వస్తువైంది అక్కడ ఒక్కచోటే.

నన్ను చూశాక ఆయన ఒక అలవాటు చేసుకున్నారు. సిరా దిండు గుమాస్తా బల్ల మీద నుంచి తీసేశారు. తన టిఫిన్ క్యారియర్ పై గిన్నెలో పెట్టుకుని, మూత బిగించి, కాళ్ళ దగ్గర ఉంచుకునేవారు. ఎవరొచ్చి వేలు వెయ్యాలన్నా ముందు కాగితం వినాలి, తరవాత తిరిగి చెప్పాలి, అప్పుడే గిన్నె మూత తెరుచుకునేది. తొందరగా పోవాలి బాబూ, బస్సు ఎలిపోద్ది అని కక్షిదార్లు గొణిగేవారు. ముందు తిరిగి చెప్పండి అనేవారు, ఆడవాళ్ళయితే ముందు తిరిగి చెప్పండమ్మా అనేవారు. అంతకుమించి ఒక్క మాట ఉండేది కాదు.

ఒకసారి ఇంట్లో అమ్మగారు తెలీక గిన్నెలు మార్చేశారు. ఎలమంచిలి నుంచొచ్చిన రైతు ఒకాయన, పాపం చెమట్లు పట్టేలా కాగితమంతా తిరిగి చెప్పి, గెలిచిన మొహంతో వేలు ముంచాడు. అల్లప్పచ్చడి. కాగితం మీద ఎర్రగా పడింది ముద్ర. ఆయన వేలు నాక్కుని, "ఉప్పు సాల్నేదు బాబూ" అన్నాడు. ప్లీడరు బాబు ఆ కాగితం పారెయ్యలేదు. కొత్తది రాయించి, పచ్చడి కాగితాన్ని గోడకి తగిలించుకున్నారు. మొన్నటిదాకా ఉంది, చీమలు సగం తిన్నాయి.

ఆ చట్టం మార్చాలని పార్లమెంటులో మాటలు నడుస్తున్న రోజుల్లో ఒక మెంబరుగారు విశాఖపట్నం వచ్చారు. పక్క జిల్లాలో గెలిచినాయన, పూర్వం తనూ నల్లకోటే వేసుకున్నాడట. కోర్టు హాల్లో వకీళ్ళందరితో కూర్చున్నారు. ప్లీడరు బాబు నన్ను తీసుకెళ్ళి ముందు వరసలో కుర్చీ వేయించారు. ఒక పెద్ద వకీలు లేచి, సంతకం పెట్టినా వేలు వేసినా ఒప్పుకున్నది ఒప్పుకున్నదే, తీరిపోయినవన్నీ తిరగదోడితే ఎప్పటికి తెమిలేను అన్నాడు. ఆయన అన్నదానిలో న్యాయం లేదనను. చాలామంది తలలూపారు. వీళ్ళు ఇలాగే ఢిల్లీకి చెబితే నా నుయ్యి మట్టిలోనే ఉండిపోతుంది కదా అనుకున్నాను.

ప్లీడరు బాబు లేచి వాదించలేదు. నేను వేలు వేసిన కాగితం తీసి, ఆ రోజు బల్ల దగ్గరాయన చదివినంత గడగడా ఊపిరి తీసుకోకుండా చదివారు. సదరు, యావత్తు, ఇందుమూలముగా అని ఏవేవో మాటలు. చదివి, మెంబరుగారిని తిరిగి చెప్పమన్నారు. ఆయన నవ్వేసి, ఏదో సమ్మతి అని వినబడింది అన్నారు. ప్లీడరు బాబు పెద్ద వకీలు వైపు తిరిగారు. ఆయన మళ్ళీ ఒకసారి చదవమన్నాడు.

"మళ్ళీ చదవమనడానికి ఆ రోజు వీళ్ళకి ధైర్యం లేదండి. మీకుంది. తేడా అంతేనండి" అన్నారు ప్లీడరు బాబు.

హాలంతా నవ్వులు. పెద్ద వకీలు కూడా నవ్వాడు, మనిషి మంచివాడే. అప్పుడు ప్లీడరు బాబు నా వైపు చూశారు. నేను లేచి ఆ కాగితమంతా, సదరు దగ్గర్నుంచి చివరి చుక్కదాకా, ఏ మాటకి ఏది అర్థమో చెబుతూ అప్పజెప్పాను. ఏళ్ళ తరబడి విన్నాను కదా, మరి రాదా? మెంబరుగారు కలం తీసి, నీకేం కావాలమ్మా అని అడిగారు.

"పక్క పొలపాయనకి కోర్టు ఏటి ఒప్పుకుంటే నాకూ అది ఒప్పుకోమనండి బాబూ. ఆయన సంతకం పెట్టినాడు, నాను ఏలు ఏసినాను. రెండు నూతుల్లోనూ ఉన్నవి నీళ్ళే."

ఆయన అది రాసుకోవడం నేను చూశాను.

నా మాటకే చట్టం మారిందని నేను చెప్పను. అలా చెబితే ప్లీడరు బాబు పైనుంచి దిగొచ్చి కొట్టేయిస్తారు. ఎన్ని ఊళ్ళ వకీళ్ళు రాశారో, ఎంతమంది మెంబర్లు వాదులాడుకున్నారో. కానీ మారింది. పక్కవాడి పొలానికి కోర్టు తీర్పు వస్తే, కోర్టుకి వెళ్ళని పొరుగువాళ్ళు కూడా మూడు నెలల్లోగా కాగితం పెట్టుకుని, మాకూ అలాగే కట్టండి అని అడగొచ్చు. ఆ వార్త వచ్చిన రోజు ఆయన నాతో, "మన ఉత్తరం వాళ్ళు చదివారో లేదో తెలీదండి. చదివినవాళ్ళు రాసినట్టే ఉంది మటుకు" అన్నారు.

మాస్టారికి తీర్పు ఆ తరవాతే వచ్చింది. నూతి సంగతి కోర్టు ఒప్పుకుంది. ప్లీడరు బాబు కబురు పంపలేదు, తనే టిఫిన్ క్యారియర్ పట్టుకుని బస్సెక్కి మా కాలనీకి వచ్చేశారు. అరుగు మీద కూర్చుని నా అర్జీ చదివారు. నాకు కాళ్ళు నిలవడం లేదు. గబగబా తిరిగి చెప్పి చెయ్యి చాపాను. ఆయన మూత తియ్యలేదు.

"నుయ్యి ఏదండీ?"

ఏ నూతి కోసం అన్నేళ్ళు తిరిగానో దాన్నే వదిలేశాను సంబరంలో. మా వీధి ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు. మళ్ళీ మొదటినుంచి చెప్పాను, ఈసారి నూతి లోతుతో సహా. అప్పుడు తీశారు మూత. కొన్ని నెలలకి ఆర్డరు వచ్చింది. అందులో 'నుయ్యి గల తోట' అని ఉంది. గుమాస్తా చేత ఆ ఒక్క వరస ఎన్నిసార్లు చదివించుకున్నానో అతన్నే అడగండి. తోట ఎలాగూ ఫ్యాక్టరీ గోడ లోపల ఉంది. కానీ మేం తవ్వామని కాగితం మీద ఉంది.

కిందటి నెల ఆయనకి కుడిపక్క పడిపోయింది. పోయే రెండు రోజుల ముందు వంకాయలు పట్టుకుని చూడబోయాను. మంచం మీద దిండ్లకి ఆనుకుని, నాలుక మొద్దుబారినా, గుమాస్తా చేత ఢిల్లీకి ఇంకో ఉత్తరం రాయిస్తున్నారు. వేలిముద్ర వేయించుకునే ఏ ఆఫీసరైనా సరే, ఆ మనిషి చేత సంగతి తిరిగి చెప్పించుకుని, ఆ మాటల్నే కాగితం కింద రాయాలని చట్టం చెయ్యండి అని. రాయడం అయ్యాక సంతకానికి చెయ్యి లేవలేదు. గుమాస్తా కళ్ళు తుడుచుకుంటూ టిఫిన్ గిన్నె తెచ్చాడు. నేను దాన్ని లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నాను.

"ముందు తిరిగి సెప్పండి బాబూ."

గుమ్మంలో అమ్మగారు ఏడుపాపుకుని నవ్వేశారు. ఆయన చెప్పారు, మెల్లగా, ఒక్కో మాటా కూడదీసుకుని. 'ఏ ఆఫీసరైనా సరే' అన్నది వదిలేశారు. నేను ఒప్పుకోలేదు, మళ్ళీ చెప్పించాను. అప్పుడు మూత తీసి ఎడం బొటనవేలు నేనే పట్టుకుని వేయించాను. ముద్ర అలుక్కుపోయింది.

"నా ముద్రకి సాటి రానేదు" అన్నాను.

"మంచిదే కదండీ," అన్నారు, ఒక పక్క మూతితో నవ్వుతూ. "రేపు నాది కాదని వాదించొచ్చు."

ఆ ఉత్తరం ఢిల్లీ వెళ్ళింది. జవాబు రాలేదు. దాని కింద ఉన్నది ఒక్క ముద్రే, అదీ అలుక్కుపోయినది. ఈ పుస్తకం చదివే నల్లకోటు బాబులూ, పొగడ్తలు ఆయనకి సరిపడవు. గుమాస్తా దగ్గర నకలుంది. వచ్చి సంతకాలు పెట్టండి. పెట్టేముందు నాకు తిరిగి చెప్పండి, నేను మేడ మెట్ల దగ్గరే కూర్చుంటాను.

కబురు విన్న రోజు నేను వెళ్ళేసరికి ఆయన్ని వరండాలో పడుకోబెట్టారు. అమ్మగారు తడిగుడ్డతో మొహం తుడిచి, చేతులు తుడుస్తూ ఎడం బొటనవేలి దగ్గర ఆగి నా వైపు చూశారు. సిరా ఇంకా వదల్లేదు. ఉండనీండమ్మా అన్నాను. ఆడవాళ్ళం వీధి మలుపుదాకానే వెళ్ళాం. వాన తెరిపిచ్చింది. తెల్లటి బట్ట అంచున, బంతిపూల మధ్య, ఆ ఒక్క వేలు నీలంగా కనబడుతూనే మలుపు తిరిగింది.