చేతి మీద మొలిచిన చెవి

కరోనా సద్దుమణిగి జనం మాస్కులను గడ్డం కిందికి దించేసిన ఏడాది అది. మేడ్చల్‌కీ శామీర్‌పేటకీ మధ్య, ఔటర్ రింగ్ రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న ఒక ఆస్పత్రిలో ప్లాస్టిక్ సర్జరీ వార్డుకు నేను హెడ్ నర్సుని. ఆ మాట చెప్పగానే సుచిత్ర ప్రాంతంలో మా అపార్ట్‌మెంటు ఆడవాళ్లు "ముక్కు సన్నం చేస్తారా అండీ?" అని మీద పడేవారు. సన్నం చేస్తారు, నా తలకాయ! మాది రీకన్‌స్ట్రక్షన్ యూనిట్. కాలిన చోట, తెగిన చోట, ఊడిపోయిన చోట ఆ మనిషి ఒంట్లోంచే ముక్క తీసి మళ్లీ అతికించడం మా పని. మామూలు పద్ధతులు పనిచేయని వాళ్ల కోసం మా సార్ ఒక పరిశోధన కూడా నడిపేవారు. సుజాత ఆ పరిశోధన కిందే మా వార్డులో చేరింది.

సుజాత దూలపల్లిలో ఒక చిన్న ప్యాకింగ్ ఫ్యాక్టరీలో పనిచేసేది. ఒకరోజు కిందపడ్డ అట్టముక్క తీద్దామని వంగింది. జడ మిషను బెల్టులో పడింది. మిగతాది నేను చెప్పను, మీరు అడగకండి. కుడివైపు తలమీది చర్మం, దాంతోపాటు చెవి పోయాయి. వేరే ఆస్పత్రిలో తొడ చర్మం తీసి పుండు కప్పారు. మా దగ్గరికి వచ్చేసరికి చెంప నుంచి నడినెత్తి దాకా ఒక్క వెంట్రుక లేకుండా నున్నగా, మెరుస్తూ ఉండేది. చెవి ఉండాల్సిన చోట రంధ్రం మాత్రం మిగిలింది. వినికిడికి ఏ లోటూ లేదు.

"చెవి లేకుంటే సస్తనా సిస్టర్? బతుకుత. గని నా బిడ్డ నా దగ్గరికి వస్తలేదు," అంది చేరిన రోజే.

కూతురు శాన్వికి నాలుగేళ్లు. ప్రమాదం జరిగినప్పటి నుంచి సుజాత తల్లి ఎల్లవ్వ దగ్గర ఉంటోంది. అమ్మను చూస్తే చాలు, అవ్వ కొంగులో దూరిపోతుంది. పేరు పెట్టి పిలిస్తే చెవులు మూసుకుంటుంది. చెవి వస్తే మొహం మునుపటిలా అవుతుందనీ, అప్పుడు పిల్ల తనను గుర్తుపడుతుందనీ సుజాత ఆశ. ఆవిడకు కావలసింది అంతే.

మామూలుగా అయితే పక్కటెముక చివర ఉండే మెత్తని ఎముకను, అంటే కార్టిలేజ్‌ని, చెవి ఆకారంలో చెక్కి కణత దగ్గర చర్మం కింద పెడతారు. సుజాతకు అక్కడ పనికొచ్చే చర్మమే లేదు. అందుకని సార్ ఆ చెక్కిన చెవిని ఆమె ఎడమ ముంజేతి చర్మం కింద దాచారు. దీన్ని ప్రీఫ్యాబ్రికేషన్ అంటారు. ముందుగా వేరే చోట తయారు చేసుకోవడమన్నమాట. కొన్ని నెలలకు దానిచుట్టూ రక్తనాళాలు అల్లుకుంటాయి. అప్పుడు నాళాలతో సహా ఎత్తి, మైక్రోస్కోపు కింద మెడ దగ్గరి నాళాలకు కలిపి, అసలు చోట కూర్చోబెట్టాలి.

వాపు తగ్గిన రోజు కట్టు విప్పింది నేనే. ఎన్ని కట్లు విప్పాను ఈ చేతులతో! తెగిన వేళ్లు చూశాను, ముక్కులేని మొహాలు చూశాను. కానీ మణికట్టుకు కాస్త పైన, చర్మం కిందినుంచి పైకి తేలి, మెలికలూ తమ్మె అన్నీ కుదురుగా ఉన్న ఆ చెవిని చూడగానే నాకు ఒళ్లు జలదరించింది. మధ్యలో రంధ్రం లేదు. మిగతాదంతా చెవే.

ఆ తర్వాత వార్డులో ఒక విచిత్రం మొదలైంది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు గానీ, సుజాత మంచం దగ్గర అందరూ గొంతు తగ్గించారు. మధ్యాహ్నం ఆమె నిద్రపోతే ఆ చెయ్యి దిండు మీద వెల్లకిలా ఉండేది. చెవి ఫ్యాను వైపు తిరిగి ఉండేది. ఊడ్చే ఆయమ్మ ఆ పక్కకు వెళ్లేది కాదు. "పడుకున్నది ఆమె, చెవి పడుకోలేదు గదమ్మా," అనేది. నేను ఆయమ్మను కసిరాను. కసిరి, ఆ పూటే సుజాత రిపోర్టు గురించి సార్‌తో మాట్లాడాల్సి వచ్చి, నాకు తెలియకుండానే ఆయన్ని వార్డు బయటికి తీసుకెళ్లాను.

శాన్వి వచ్చింది ఆ వారంలోనే. ఎప్పటిలాగే అవ్వ వెనక నిలబడింది. సుజాత పిలవలేదు. ఏడవకుండా ఉండటానికి పెదవి కొరుక్కుంటూ పడుకుంది. పిల్ల చూపు ఎటెటో తిరిగి చేతి మీద ఆగింది. కొంగు వదిలింది. మెల్లగా నడిచి వచ్చి, మంచం పట్టీ పట్టుకుని వంగి, ఆ చెవికి నోరు ఆనించి ఏదో గుసగుసగా చెప్పింది. చాలాసేపు చెప్పింది. తర్వాత తలెత్తి నన్ను అడిగింది.

"సిస్టరక్కా, కండ్లు ఎప్పుడొస్తయి?"

"ఎవరి కళ్లమ్మా?"

"మా అమ్మయి. చెవి వచ్చింది గద. కండ్లు ఎప్పుడొస్తయి, మూతి ఎప్పుడొస్తది?"

"అమ్మ ఇదిగో, ఇక్కడే ఉందిగా," అన్నాను సుజాత మొహం చూపిస్తూ.

పిల్ల అటు చూడలేదు. ఆమెకు వినపడకూడదన్నట్టు నా చెయ్యి లాగి, నా చెవిలో చెప్పింది. "గామె గాదు. మా అమ్మ లోపట ఉంది."

సుజాతకు వినపడింది. కళ్లు మూసుకుంది. ఎల్లవ్వ "ఓయమ్మా, నీ నోట్ల మన్నువడ!" అని పిల్లను లాక్కుని వెళ్లిపోయింది. 

ఆ రోజు నుంచి శాన్వి రోజూ వస్తానని గొడవచేసి మరీ వచ్చేది. అది చూసి అందరూ సంతోషించారు, నేను తప్ప. ఎందుకంటే పిల్ల అడుగుల చప్పుడు వినగానే సుజాత మొహాన్ని గోడవైపు తిప్పుకుని, చెయ్యి మాత్రం వెనక్కి చాపి ఉంచేది.

"ఇదేం పనమ్మా? నువ్వు చెయ్యి అద్దెకిస్తున్నావా?" అని కోప్పడ్డాను.

"నా మొఖం జూస్తే బెదురుతది. చెయ్యి జూస్తే వస్తది. వచ్చినకాడికి చాలు సిస్టర్."

ఒక మధ్యాహ్నం పిల్ల చెప్పాల్సింది చెప్పి వెళ్లాక, గోడవైపే చూస్తూ సుజాత అంది. "అవ్వ పప్పుల ఉప్పు ఎక్కువేస్తాందట."

పిల్ల చెబుతున్నప్పుడు నేను మంచానికి ఇవతల, రెండు అడుగుల దూరంలోనే నిలబడి ఉన్నాను. బయట జనరేటర్ మోత. నాకు ఒక్క ముక్క వినపడలేదు. ఆమె తల అంత దూరంగా, అటు తిరిగి ఉంది. వరండాలో ఎల్లవ్వను పట్టుకుని పప్పు సంగతి అడిగాను.

"నాతోటి ఏం జెప్పలే బిడ్డా. గని రెండు దినాలసంది పప్పు ముడుతలేదు. నీకెట్ల తెల్సు?"

తిరిగి వచ్చి సుజాతను నిలదీశాను. అది చర్మం, ఎముక, అంతే. దాని వెనక వినే సరంజామా ఏమీ లేదు. నా చదువు నాకు తెలుసు.

"ఊపిరి తగుల్తది సిస్టర్," అంది నెమ్మదిగా. "ఊపిరిల మాట ఉంటది గద."

 ఆ సాయంత్రం సుచిత్రకు వెళ్లే వ్యానులో కూర్చుని నా ముంజేతి మీద నేనే ఊదుకుని చూసుకున్నాను. పక్కసీటు అమ్మాయి నాకేదో అయిందనుకుంది.

చేతి గాయం మానాక సుజాతను కొన్నాళ్లకు ఇంటికి పంపాం. తడి తగలకూడదు, దెబ్బ తగలకూడదు, మీద పడుకోకూడదు అని లక్ష జాగ్రత్తలు చెప్పి పంపాం. చెప్పనిది ఒక్కటే. అది చెప్పాలని భూమ్మీద ఏ నర్సుకూ తట్టదు.

సుజాత జ్వరంతో తిరిగి వచ్చింది. చెయ్యి మోచేతిదాకా ఎర్రగా కాలిపోతోంది. కట్టు విప్పితే తమ్మెకు బంగారు తీగ!

"ఎవరమ్మా ఈ పని చేసింది?" వార్డు అదిరేలా అరిచాను.

ఎల్లవ్వ ఏమాత్రం తగ్గలేదు. "అరిస్తవేంది బిడ్డా? చెవి మొలిచినంక కుట్టియ్యమా? ఆడపిల్ల చెవి! మంచిరోజు జూసి, మేనమామ ఒళ్లె పెట్టి, బంగారం పనిజేసే ఔసలాయనను పిలిచి కుట్టిచ్చినం. బెల్లం గూడ పంచినం."

మేనమామ ఒళ్లో! నేను ఆ దృశ్యాన్ని ఊహించుకున్నాను. పెళ్లయి పిల్లను కన్న మనిషి పీట మీద కూర్చుని, చెయ్యి చాపి, ఆ చెవిని మేనమామ తొడ మీద పెట్టడం. అప్పుడే పుట్టిన పాపకు చేసినట్టు చుట్టూ ముత్తయిదువలు.  అడిగితే సుజాత చెప్పింది, అసలు పట్టుబట్టింది తనేనని. శాన్వి ఒకరోజు ఆ చెవిని తడిమి, "మా అమ్మ చెవికి కమ్మ ఉంటది, దీనికి లేదు" అని అనుమానంగా చూసిందట. కమ్మ పెడితే నమ్ముతుందని కుట్టించింది.

కార్టిలేజ్‌కి చీము పడితే ఐసుగడ్డలా కరిగిపోతుంది. మళ్లీ చెక్కడానికి ఇంకో పక్కటెముక కొయ్యాలి, ఇంకో చోటు వెతకాలి. సార్ అప్పటికప్పుడు థియేటర్‌కి తీసుకెళ్లి చీము కడిగారు. మందులు ఎక్కించాం. పూట పూటకూ భయంభయంగా కట్టు విప్పి చూసేదాన్ని. ఎంత తిట్టుకున్నానో, అంత మొక్కుకున్నాను కూడా. చివరికి తమ్మె కొసన చిన్న నొక్కు పడిందిగానీ చెవి నిలిచింది.

"ఇక ఆలస్యం చెయ్యకూడదు," అన్నారు సార్. "అక్కడే ఉంచితే చర్మం బిగుసుకుని ఆకారం పోతుంది."

ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టమంటే సుజాత పెట్టనంది. "గీ చెవి గీడనే ఉండనీయుండ్రి. కోసి తీస్తే నా బిడ్డ ఏమనుకుంటది? మా అమ్మను కోసిండ్రు అనుకుంటది. గిప్పుడు చెయ్యి దగ్గరికన్న వస్తాంది. రేపు గది గూడ ఉండది."

సార్ నచ్చజెప్పారు. కబురు పెట్టి పిలిపిస్తే ఆమె భర్త వచ్చి బతిమాలాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. నాకు ఒక్కటే తోచింది. ఇంతమందిమి ఇన్ని మాట్లాడాంగానీ ఆ పిల్లను ఎవరూ ఏమీ అడగలేదు.

మరునాడు శాన్విని స్టూలు మీద కూర్చోబెట్టుకున్నాను. "అమ్మ లోపల ఎలా ఉందమ్మా?"

"చీకట్ల ఉంది," అంది వెంటనే, పక్కింటి సంగతి చెప్పినంత మామూలుగా. "పిలుస్తాంది. బయటికి రానీకి తొవ్వ దొరుకుతలేదు."



"మా సార్ తొవ్వ చేస్తారు. చేతిలోంచి తీసుకొస్తారు. మరి ఎక్కడినుంచి బయటికి రమ్మందాం? నువ్వే చూసి చెప్పు."

పిల్ల స్టూలు దిగింది. చెయ్యి చూసింది. భుజం చూసింది. మంచం చుట్టూ తిరిగి గోడపక్కకు వెళ్లింది. సుజాత మొహం తిప్పుకోవడానికి ఇంక చోటు లేదు. అన్ని నెలల్లో మొదటిసారి ఆ నున్నటి చర్మాన్ని, వెంట్రుకల్లేని నెత్తిని పిల్ల కళ్లార్పకుండా చూసింది.  అరిచి పారిపోతే ఇక అంతే. పిల్ల చిటికెనవేలు చాపి, చెవి లేని ఆ రంధ్రం మీద పెట్టింది.

"గీడ. గీడ తలుపుంది."

 సుజాత కళ్లలోంచి నీళ్లు దిండులోకి కారిపోతున్నాయి. ఆ సాయంత్రమే సంతకం పెట్టింది.

ఆపరేషన్ పగలంతా సాగింది. ఇలా నాళాలతో ఎత్తి అతికించిన ముక్కను ఫ్రీ ఫ్లాప్ అంటాం. రక్తం ఆడుతోందో లేదో తెలుసుకోవడానికి డాప్లర్ అని చిన్న యంత్రం ఆనిస్తాం. కొత్త చెవికి ఆనించినప్పుడల్లా లోపల్నుంచి ఉఫ్, ఉఫ్ అని వినిపించేది. అది రక్తం చప్పుడని నాకు తెలుసు. అయినా ఎవరో తలుపు అవతల నిలబడి ఊదుతున్నట్టే ఉండేది. ఆ చప్పుడు ఆగకూడదని నేను కోరుకున్నంతగా జీవితంలో దేన్నీ కోరుకోలేదు. ఆగలేదు.

కట్టు విప్పే రోజు శాన్విని ముందే పిలిపించాను. చెవి ఎర్రగా, కాస్త ఉబ్బి, తన చోట తాను కూర్చుని ఉంది. పిల్ల ముందు చెయ్యి చూసింది. అక్కడ అతుకు వేసిన చదునైన చర్మం మాత్రమే ఉంది. పెదవి వణికింది. సుజాత రంగు మారింది. పిల్ల చుట్టూ తిరిగి, మంచమెక్కి, ఆ చెవికి నోరు ఆనించింది. ఈసారి గుసగుస కాదు, గట్టిగానే అడిగింది.

"అమ్మా, వచ్చినవా?"

"వచ్చిన బిడ్డా."

పిల్ల తల కాస్త వెనక్కి తీసి, ఆ మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని పరీక్షగా చూసింది. తర్వాత మళ్లీ చెవి దగ్గరికి వంగింది. "లోపట ఇంకెవరన్న ఉండిపోయిండ్రా?"

 సుజాత తన ఎడమచేతి వైపు ఒకసారి చూసుకుంది. ఏదో లెక్క చూసుకుంటున్నట్టు చూసుకుంది.

"లేరు," అంది. "అందరం వచ్చినం."

 ఎవరెవరమ్మా అని అడగాలనిపించింది, అడగలేదు. శాన్వి మాత్రం ఆ జవాబుతో తృప్తిపడి, అమ్మ మెడలో మొహం దాచుకుని నిద్రపోయింది.

ఆ కేసు గురించి సార్ డాక్టర్ల సమావేశాల్లో ఫొటోలు వేసి చెబుతారు. రక్తనాళాల గురించి, కుట్ల గురించి చెబుతారు. నేను నేర్చుకున్నది ఆ ఫొటోల్లో లేదు. మొహం దెబ్బతిన్న మనిషి మంచం మీద ఉన్నంత మాత్రాన ఇంటివాళ్లకు అక్కడ ఉన్నట్టు కాదు. వాళ్ల మనసులో ఆ మనిషి ఎక్కడికో వెళ్లిపోయి ఉంటుంది. ఎక్కడికి వెళ్లిందో వాళ్లకే తెలుసు. ఇప్పుడు నా వార్డులో ఏ తల్లి కట్టు విప్పబోయినా, ముందు ఆ ఇంటి పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని అడుగుతాను: "మీ అమ్మ ఎక్కడుంది?" మంచం వైపు చూపిస్తే కట్టు విప్పుతాను. వేరే చోటు చూపిస్తే కత్తెర కింద పెట్టేసి, పిల్లలు చెప్పేది చివరిదాకా వింటాను.