అయిదో ఆదివారం

వెర్నా కోజ్లోస్కీకి కోపం ఊరికే రాదు, వచ్చిందంటే ఊరికే పోదు. అమెరికాలోని ఈరీ పట్టణంలో ఒక బడి క్యాంటీన్లో ఇరవై ఎనిమిదేళ్ళు వంట చేసిన మనిషి. భర్త జబ్బుకు ఇల్లు హరించుకుపోయాక పదకొండు నెలలు కారులోనే కాపురం ఉంది. ఆ రోజుల్లో సహాయం నంబరుకు ఫోన్ చేసి, ఉచితంగా భోజనం ఎక్కడ పెడతారని అడిగితే, ఎవరో అమ్మాయి తియ్యగా ఒక చిరునామా చదివింది. మంచులో రెండు మైళ్ళు నడిచి వెళ్తే అక్కడ టైర్ల దుకాణం ఉంది. అక్కడ భోజనం పెట్టడం ఆపేసి మూడేళ్ళయిందని దుకాణంవాడు చెప్పాడు. ఆకలిగొన్న మనిషిని ఉత్తుత్తి చిరునామాకు నడిపించడాన్ని మించిన పాపం లేదని వెర్నా అంటుంది. నేనూ అదే అంటాను.

అద్దె గది దొరికాక తనే ఒక జాబితా మొదలుపెట్టింది. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ తలుపు దగ్గర భోజనం దొరుకుతుందో పసుపు కాగితం మీద రాసి, కాపీలు తీయించి, బస్టాండులోనూ వంతెన కిందా పంచేది. ఫోన్లో చెప్పిన మాట నమ్మేది కాదు. తనే వెళ్ళి, వరసలో నిలబడి, తిని వచ్చాకే రాసేది. హార్పర్ వీధి చర్చి నేలమాళిగలో నాలుగు చర్చిలవాళ్ళు వంతులవారీగా ఆదివారం భోజనం పెడుతున్నారని తెలిసి, అక్టోబరులో నాలుగు వారాలూ వెళ్ళి చూసింది. నాలుగు వారాలూ పెట్టారు. ‘ప్రతి ఆదివారం, పన్నెండింటికి’ అని రాసింది.

నవంబరులో అయిదు ఆదివారాలు వచ్చాయి.

ఆ అయిదో ఆదివారం పన్నెండున్నరకు వెర్నా వెళ్ళేసరికి నేలమాళిగకు దిగే పక్క తలుపుకు తాళం. చలిలో ఇరవై మంది నిలబడి ఉన్నారు. మెట్ల మీద, వంతెన కింద ఉండే ఎల్బర్ట్ గేన్స్ కూలబడి, చెమటలు కారుతూ, ఏదో గొణుగుతున్నాడు. ఎల్బర్టుకు చక్కెర జబ్బు. పసుపు కాగితాన్ని నమ్మి, పన్నెండింటికి పావుగంట ముందే ఇన్సులిన్ సూది వేసుకున్నాడు. సూది పడ్డాక తిండి పడకపోతే ఒంట్లో చక్కెర పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. పై హాల్లోంచి కాల్చిన పంది మాంసం వాసన వస్తోంది. వెర్నా పెద్ద తలుపు బాదితే ఏప్రను కట్టుకున్న ఒకావిడ తీసి, ఈరోజు మా కుటుంబాల విందండీ, వచ్చే వారం రండి అని మర్యాదగానే చెప్పింది. వెర్నా ఆమెను తోసుకుని లోపలికి పోయి, బల్ల మీది పళ్ళరసం జగ్గు ఎత్తుకొచ్చి ఎల్బర్టు చేత తాగించింది. అంబులెన్సు వచ్చింది. మనిషి దక్కాడు.

మర్నాడు ఆ చర్చి పాస్టర్ డిట్‌మర్ ఆమెను కూర్చోబెట్టి నెమ్మదిగా వివరించాడు. నాలుగు చర్చిలు, నాలుగు వారాలు. అయిదోది మొదట్నుంచీ ఎవరి వంతూ కాదు. ఆ రోజు తమవాళ్ళు తలా ఒక గిన్నె తెచ్చుకుని కలిసి తినడం తాతల కాలంనాటి అలవాటు.

“ఏడాదికి నాలుగుసార్లే కదమ్మా,” అన్నాడు.

“అయితే ఆ నాలుగు రోజులూ మీరూ పస్తుండండి పాస్టర్ గారూ. ఎలా ఉంటుందో తెలుస్తుంది.”

కమిటీలో మాట్లాడతామన్నాడు. కమిటీ మాట వినగానే వెర్నాకు ఒళ్ళు మండింది. అంతకంటే ఎక్కువ మంట తన మీద. ‘ప్రతి’ అని రాసింది తన చెయ్యే.

కమిటీ మూడు నెలలు నాన్చింది. మార్చిలో మళ్ళీ అయిదు ఆదివారాలు ఉన్నాయి. ఆ నెల కాగితంలో వెర్నా, జీవితంలో మొదటిసారి, తను చూడని భోజనం రాసింది: ‘అయిదో ఆదివారం, హార్పర్ వీధి చర్చి, పెద్ద తలుపు, పన్నెండింటికి. ఇళ్ళ నుంచి తెచ్చిన వంటకాలు.’ మొదటి కాపీ పాస్టరు చేతికే ఇచ్చింది. ఆయన చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు గానీ అవుననలేదు, కాదనలేదు.

ఆ రోజు పెద్ద తలుపు ముందు నలభై మంది చేరారు. ఈసారీ తెరవకపోతే వీళ్ళ మొహం ఎలా చూడాలో తెలియక వెర్నా అందరికంటే ముందు నిలబడింది. పన్నెండింటికి అయిదు నిమిషాలుండగా పాస్టరే తలుపు తీశాడు. వెనకాల గిన్నెలు పట్టుకున్న ఆడవాళ్ళు గుడ్లప్పగించి చూస్తున్నారు. ఆయన కాసేపు ఆ వరసను చూసి పక్కకు జరిగాడు. లోపల ఎవరో కుర్చీలు లాగుతున్న చప్పుడైంది.

వెర్నా వెనక్కి తిరిగి, “ఎల్బర్టూ, ఇక సూది వేసుకో. వేళయింది,” అంది.

ఎల్బర్టు సూది ఉన్న కోటు జేబు మీద చెయ్యి వేసి అలాగే ఉంచాడు.

“కోప్పడకు వెర్నా. ముందు పళ్ళెం రానీ.”

కోప్పడాల్సిన మాట కాదు అది. అతను వెళ్ళి కూర్చునేదాకా ఆమె తలుపు పట్టుకునే నిలబడింది.