కొట్టేసిన తొమ్మిది వరుసలు

ఆ ఆసుపత్రిలో ఆమెని అందరూ కంప్యూటరమ్మ అనేవాళ్లు. రోగి చీటీ తీసుకున్న సమయం, డాక్టరు గదిలోకి వెళ్లిన సమయం రిజిస్టరు చూసి ఎక్సెల్ షీట్లోకి ఎక్కించడం ఆమె పని. పదహారేళ్లలో ఒక్క అంకె తప్పిందన్న మాట పడలేదు.

ఒకసారి సూపరింటెండెంటు, రోగులు సగటున ఎంతసేపు ఆగుతున్నారో లెక్కగట్టి బోర్డు మీద రాయమన్నారు. ఆ వారం నూట ఇరవై ఒక్క మంది వచ్చారు. సగటు ఇరవై ఆరు నిమిషాలు తేలింది. అంతుండదే అని చూస్తే, తొమ్మిది వరుసల్లో రెండు గంటలు, రెండున్నర గంటలు అని ఉంది. మిగతావాళ్లెవరూ నలభై నిమిషాలు దాటలేదు. రిజిస్టరు రాసినవాళ్లు పరధ్యానంలో ఏదో గిలికుంటారనుకుంది. పక్క గడిలో విభాగం పేరుంది. అటు చూడనైనా లేదు. తొమ్మిదీ కొట్టేసింది. సగటు పదహారుకి దిగింది. సూపరింటెండెంటు మెచ్చుకున్నారు.

మర్నాడు వరండా తుడుస్తున్న ఆయా బోర్డు చదివి ఆమె దగ్గరకొచ్చింది.

"మేడం, మంగళవారం మా అత్త రెండున్నర గంటలు కూర్చుంది. ఆవిడ ఈ లెక్కలో ఉందా?"

"ఉంది" అనేసింది కంప్యూటరమ్మ.

ఆ మాట అనేసింది గానీ, కొట్టేసిన వరుసల్లో రెండున్నర గంటలని చూసినట్టు గుర్తొచ్చింది. పాత షీటు తెరిచి, రిజిస్టరు పక్కన పెట్టుకుంది. తొమ్మిదింట్లో ఒకటి నిజంగానే తప్పు, పదకొండుకి బదులు ఒంటిగంట అని పడింది. మిగిలిన ఎనిమిదీ చెవి విభాగానివే. అక్కడ నర్సు గుమ్మంలో నిలబడి పేరు పిలుస్తుంది. వినపడనివాళ్లు పలకరు. వెళ్లిపోయారనుకుని వాళ్ల చీటీ అడుక్కి పెట్టేస్తుంది. కంప్యూటరమ్మకి తల కొట్టేసినట్టయింది.

సూపరింటెండెంటు దగ్గరికెళ్లి జరిగింది చెప్పింది. అందర్నీ తక్కువ నుంచి ఎక్కువకి వరుసగా నిలబెడితే సరిగ్గా మధ్యలో, అరవై ఒకటో మనిషి పద్నాలుగు నిమిషాలు ఆగాడని, కొందరు గంటలకొద్దీ ఆగినా ఆ మధ్య అంకె కదలదని, ఎవర్నీ కొట్టెయ్యక్కర్లేదని వివరించింది. పదహారు కంటే పద్నాలుగు ఇంకా బాగుంది, అదే రాసెయ్యమన్నారాయన.

"అదొక్కటే రాస్తే ఆ ఎనిమిది మందినీ మళ్లీ కొట్టేసినట్టే సార్. వాళ్ల సంగతి కూడా కింద రాయాలి."

ఆయన మొహం ముడుచుకుంది. చివరికి రాయమన్నారు.

మళ్లీ మంగళవారం ఆయా అత్త వచ్చింది. కంప్యూటరమ్మ ఆవిడ పక్కన కూర్చుని, తప్పు చేశానని చెప్పింది. ఆవిడకి వినపడలేదు. గొంతు పెంచింది. మూడోసారికి వరండాలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు.

"మీరు ఆగింది నేను లెక్కలోంచి తీసేశానండీ! తప్పు నాదే!"

"తీసేశావా? నేనిక్కడే కూర్చున్నా కదమ్మా" అంది ఆవిడ. ఆ గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేదనిపించింది.

పక్కనే చీపురు పట్టుకుని నిలబడ్డ ఆయా నెమ్మదిగా అడిగింది. "మరి ఆ రోజు నాతో ఉందని ఎందుకన్నారు మేడం?"

కంప్యూటరమ్మ తలొంచుకుని తన గదిలోకి వెళ్లిపోయింది.

రెండు నెలలకి చెవి విభాగం గుమ్మం మీద చీటీ నంబరు వెలిగే బోర్డు పెట్టారు. ఆయా ఎప్పటిలాగే పలకరిస్తుంది, నవ్వుతుంది. ఆగిన నిమిషాలు రాసే బోర్డు మీద అంకెల గురించి మాత్రం ఆమెని మళ్లీ ఎప్పుడూ ఏమీ అడగలేదు.